భాషాధ్యయనం - భాషాసృష్టి

నూతన భాష శూన్యం నుండి పుట్టదు. నేటి పోలండ్‌లోని బియాలిస్టాక్‌లో 1859లో జన్మించిన జామెన్‌హాఫ్ ఇందుకు నిదర్శనం. రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ భాషీయులు పరస్పర వైరంతో మెలగిన పట్టణమది. అందరికీ సమానమైన భాష ఒకటుంటే ఆ వైరం శమిస్తుందని ఆ బాలుడు తలచాడు.

ఆంగ్లం అభ్యసిస్తూ, క్రియకు పురుష వచన భేదాలు అంతగా లేకున్నా భావం బోధపడుతుందని గ్రహించాడు. రష్యన్ పేరుపలకలపై ‘స్కాయా’ అనే ప్రత్యయం పదే పదే కనిపించగా, ఒక్క ప్రత్యయంతో అనేక పదాలు కల్పించవచ్చునని తెలుసుకున్నాడు. పాఠశాల, పాకశాల, గోశాలలలో మన ‘శాల’ చేసే పని అదే కదా!

1887లో అతని ఎస్పరాంటో వెలువడింది. అందులో ‘లెర్ని’ అంటే నేర్చుకొనుట. ‘లెర్నేయో’ అంటే పాఠశాల. ఆ భాష వైరాలను మాన్పలేకపోయింది. అయినా, పరభాషను శ్రద్ధగా చదివినవానికే భాషానిర్మాణ రహస్యం గోచరిస్తుందని అది నేటికీ బోధిస్తున్నది.