అమీర్‌పేటలో రైలు మారితే

రాయదుర్గంలో మెట్రో ఎక్కిన కొత్త పట్టభద్రులు చాలామంది అమీర్‌పేటలో దిగి కోచింగ్ సెంటర్ల దారి పడతారు. అక్కడే రైలు మారి ఎల్బీనగర్ వెళ్తే రంగారెడ్డి జిల్లా కోర్టులు వస్తాయి. హైటెక్ సిటీ ఉన్న ఆ జిల్లాలో, న్యాయ సహాయానికి దారి చూపే పారా లీగల్ వాలంటీర్లను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి పనిలోకి దింపేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ.

ఈ సంస్థలకు ఆధారమైన 1987 నాటి చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. వాలంటీర్ల పథకం 2009లో మొదలైంది. లా డిగ్రీ అక్కర్లేదు, పదో తరగతి చాలు. కాకపోతే ఇది ప్రభుత్వ ఉద్యోగం కాదు. నెల జీతం ఉండదు, పనిచేసిన రోజుకు గౌరవ వేతనం ఇస్తారు. మాదాపూర్‌లో హాస్టల్ అద్దెకు దీన్ని నమ్ముకోకూడదు.

మరి ఏం వస్తుంది? ఎదుటి మనిషి మాటను కాగితం మీద పెట్టడం వస్తుంది.

కోకాపేటలో టవర్లు కట్టే ఒడిశా కూలీ వచ్చి ‘మేస్త్రీ పైసలివ్వలేదు’ అంటాడు. అంతకుమించి చెప్పలేడు. ఏ సైటు, ఎప్పటినుంచి, రోజుకు ఎంతకు ఒప్పుకున్నారు, ఎంత ముట్టింది, పక్కన ఎవరున్నారు... ఒక్కోటీ ఓపిగ్గా రాబట్టాలి, అదీ వచ్చీరాని హిందీలో. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన భవన నిర్మాణ కార్మికుడు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చన్న సంగతీ అప్పుడే చెప్పాలి. స్లైడ్లు అలవోకగా తయారుచేసే కుర్రాళ్లు సైతం పేజీడు అర్జీ దగ్గర తడబడతారు.

హద్దు తెలియడం ఇంకా కష్టం. వాలంటీరు కోర్టులో వాదించకూడదు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోకూడదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరు దొరుకుతారు. అక్కడిదాకా చేర్చడమే వాలంటీరు పని. రాజీతో వివాదాలు తేల్చే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కాబట్టి సంతకానికి ముందే కాగితంలో ఏముందో కక్షిదారుకు అర్థమవ్వాలి. తెలియనిచోట ‘కనుక్కుని చెప్తాను’ అనగలగడం ఈ పనిలో పెద్ద అర్హత.

ఈ రాతపనిలో తారీఖుల లెక్కా భాగమే. దానికి ఉన్న బలం 1979లో దేశం చూసింది. పడే శిక్షకంటే ఎక్కువ కాలం బిహార్ జైళ్లలో మగ్గిన విచారణ ఖైదీల గురించి పోలీసు అధికారిగా పనిచేసిన రుస్తంజీ పత్రికలో రాశారు. అది చదివి లాయరు కపిల హింగోరానీ సుప్రీంకోర్టుకెక్కారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. ఇప్పుడు 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియా చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులతో, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీలు గరిష్ఠ శిక్షలో మూడోవంతు జైల్లో గడిపితే పూచీకత్తుపై విడుదల కావచ్చు. ఆ రోజులు ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెట్టాలి.

ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నవారు ఎల్బీనగర్ వెళ్లి తర్వాతి ఎంపిక ఎప్పుడో అడగండి. న్యాయ సహాయం కావాల్సినవాళ్లు ఎదురైతే 15100 నంబరు చెప్పండి.