ఆవలిస్తే లేచే చెయ్యి అడిగితే లేవదేం?

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు గానీ, కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. చొక్కా గుండీ పెట్టుకోలేరు. ఆవలించినప్పుడు మాత్రం ఆ చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. కావాలనే కదపడం లేదని ఇంట్లో సణుగుతున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. మెదడు నుంచి వెన్నుపాములోకి ఆజ్ఞ దిగే దారి ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన అపనింద ఇది. మెదడు పైపొర నుంచి దిగి, మెడకు కాస్త పైన చాలావరకు అవతలి పక్కకు దాటే కార్టికోస్పైనల్ దారి వేళ్లను విడివిడిగా ఆడిస్తుంది. గుండీ పెట్టడం దాని పని. మెదడు కాండం నుంచి దిగే రెటిక్యులోస్పైనల్, వెస్టిబ్యులోస్పైనల్ దారులు ఒంటిని నిలబెడతాయి. నిలబడి చెయ్యి ఎత్తబోతే, చేతి కండరం కంటే ముందే కాళ్ల కండరాలు బిగుస్తాయి. అది మనకు తెలియనే తెలియదు. 1968లో లారెన్స్, కైపర్స్ అనే శాస్త్రవేత్తలు కోతుల్లో మొదటి దారిని రెండు పక్కలా తెంచి చూశారు. కొన్నాళ్లకు అవి పరుగెత్తాయి, ఎగబాకాయి. చిన్న గుంటలోని తిండిని వేళ్లతో తీసుకోవడం మాత్రం చేతకాలేదు. ఆపైన మెదడు కాండం నుంచి దిగి ఒంటిని నిలబెట్టే ఆ దారులనూ తెంచితే సరిగా కూర్చోలేక ఒరిగిపోయాయి.

కోతి సంగతి మనిషికి ఎలా వర్తిస్తుందంటారా? అచ్చంగా వర్తించదు. మనం మొదటి దారి మీద మరీ ఎక్కువగా ఆధారపడతాం, అందుకే మనకు కాలు కూడా అంత సులువుగా తిరిగి రాదు. కానీ మీ ఇంట్లో కనిపిస్తున్నదే మనుషుల్లో దొరికే సాక్ష్యం. ఇలాంటి పక్షవాతంలో దెబ్బతినేది మొదటి దారి; ఆవలింత మెదడు కాండంలో పుడుతుంది, అక్కడి నుంచి కిందికి దారులు బాగానే ఉన్నాయి, కాబట్టి చెయ్యి లేస్తుందని వైద్యుల వివరణ. పక్షవాతం రోగుల్లో ఇది ఎన్నాళ్లుగానో నమోదవుతున్న సంగతే. అది చూసి చెయ్యి బాగవుతోందని సంబరపడటమూ తొందరపాటే.

అయితే సాధన దండగా? ఎంతమాత్రం కాదు, ఏది సాధన చేస్తున్నామన్నదే ముఖ్యం. మొదటి దారి దెబ్బతిన్న కోతుల్లో రెటిక్యులోస్పైనల్ దారి కొంత భారం ఎత్తుకుంటుంది. అయితే వేళ్లు ముడిచే కండరాలకు అందినంత బలం విప్పే కండరాలకు అందదు. పిడికిలి బిగుసుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అలాంటి చేతికి రోజంతా రబ్బరు బంతి ఇచ్చి పిసకమనడం నాకు సబబుగా తోచదు. వేళ్లు విప్పే కసరత్తులు, రాత్రిపూట చేతికి పట్టీ అవసరమా అన్నది ఫిజియోథెరపిస్టును అడగండి. ఎవరూ బలవంతంగా వేళ్లు లాగవద్దు, లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని గుంజవద్దు.