కూత ఆగిన పొగబండి



మన అమ్మమ్మలు రైలును పొగబండి అనేవారు. ఇప్పటి రైళ్ళు ఎక్కువగా కరెంటుతో నడుస్తున్నాయి. వాటికి పొగ లేదు. పొగబండి ఎలా నడిచేది? అది ఏమైపోయింది? ఈ పాఠంలో చదువుదాం.

నీళ్ళు, నిప్పు, ఆవిరి

పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే గిన్నె మీద మూత టకటకా ఎగురుతుంది. ఎందుకు? లోపలి నీళ్ళు ఆవిరి అవుతాయి. ఆవిరికి చాలా చోటు కావాలి. ఒక గ్లాసు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే సుమారు 1,600 గ్లాసులంత చోటు పడుతుంది. అందుకే అది మూతను తోస్తుంది.

పొగబండి నడిచింది ఈ బలంతోనే. ఇంజనులో ఒక పెద్ద పొయ్యి ఉంటుంది. దాని ముందు నీళ్ళు నింపిన పెద్ద ఇనుప పీపా ఉంటుంది. దాన్ని బాయిలరు అంటారు. పొయ్యిలో బొగ్గు మండుతుంది. ఆ వేడి బాయిలరులోని గొట్టాల గుండా పోతుంది. నీళ్ళు మరిగి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి ఒక ఇనుప బిళ్ళను ముందుకూ వెనక్కూ తోస్తుంది. ఆ బిళ్ళ పేరు పిస్టను. పిస్టనుకు బిగించిన కడ్డీలు చక్రాలను తిప్పుతాయి. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టం నుంచి బయటికి పోతుంది. ఛుక్ ఛుక్ అనే చప్పుడు అదే. బండి కూత కూడా ఆవిరిదే.

చేతుల పని, కళ్ళ పని

ఇంజనులో డ్రైవరు ఉంటాడు. ఆయన పక్కన ఫైర్‌మాన్ ఉంటాడు. ఫైర్‌మాన్ పారతో బొగ్గు ఎత్తి పొయ్యిలో వేస్తాడు. ఊరికే కుప్ప పొయ్యకూడదు. మంట అన్ని వైపులా సమంగా ఉండాలి. బాయిలరులో నీళ్ళు ఎంత ఉన్నాయో చూస్తూనే ఉండాలి. నీళ్ళు మరీ తగ్గితే పొయ్యి పైకప్పు మెత్తబడి కూలుతుంది. బాయిలరు పేలి మనుషులు చనిపోవచ్చు.

నీళ్ళు కాచే కాగు లోపల తెల్లగా పొర కట్టడం మీరు చూసే ఉంటారు. బాయిలరులోనూ అలాగే కడుతుంది. దాన్ని కడిగి తీయాలి. ఈ పనులన్నీ లోకో షెడ్డులో జరిగేవి. కాజీపేట, బెజవాడ, గుంతకల్లు లాంటి ఊళ్ళలో పెద్ద షెడ్లు ఉండేవి. మన సింగరేణి బొగ్గు కూడా రైళ్ళకు పోయేది. ఇల్లెందు దగ్గర ఆ బొగ్గు తవ్వకం 1889లో మొదలయింది.

షెడ్డులో పని మగవాళ్ళది. కాని ఆ పని ఇంటిదాకా వచ్చేది. అర్ధరాత్రి డ్యూటీకి పిలుపు వస్తే క్యారేజీ కట్టింది ఎవరు? మసి పట్టిన బట్టలు ఉతికింది ఎవరు? పట్టాల పక్క సగం కాలిన బొగ్గు ఏరి పొయ్యి రాజేసుకున్నది ఎవరు? ఆడవాళ్ళే.

పొగబండి ఎందుకు పోయింది?

ఆవిరి ఇంజను బొగ్గు చాలా తింటుంది. బొగ్గులోని శక్తిలో నూటికి పది పాళ్ళు కూడా చక్రాలకు చేరవు. మిగిలినది వేడిగా, పొగగా పోతుంది. డీజిలు, కరెంటు ఇంజన్లకు ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ.

పశ్చిమ బెంగాల్‌లోని చిత్తరంజన్ కర్మాగారంలో 1950 నుంచి ఆవిరి ఇంజన్లు తయారుచేశారు. పెద్ద లైనుకు చివరి ఇంజను 1970లో తయారయింది. దానికి అంతిమ్ సితారా అని పేరు పెట్టారు. అంటే చివరి నక్షత్రం. పెద్ద లైను మీద చివరి ఆవిరి రైలు 1995 డిసెంబరు 6న పంజాబ్‌లో నడిచింది.

ఒక ముసలి ఇంజను కథ

అన్ని ఇంజన్లనూ పాత ఇనుముకు అమ్మలేదు. కొన్నిటిని దాచారు. వాటిలో ఒకదాని పేరు ఫెయిరీ క్వీన్. అంటే దేవకన్యల రాణి.

దీన్ని 1855లో ఇంగ్లండులో తయారుచేశారు. ఓడలో కలకత్తాకు తెచ్చారు. హౌరా నుంచి రాణీగంజ్ వైపు టపా బండ్లను లాగింది. 1857 తిరుగుబాటు కాలంలో సైనికులను మోసింది. 1909లో దాని పని అయిపోయింది. ఆ తర్వాత 34 ఏళ్ళు హౌరా స్టేషను బయట అరుగు మీద నిలబడింది. 1943లో చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు చేర్చారు. తర్వాత ఢిల్లీ రైలు మ్యూజియంలో పెట్టారు.

1997లో దాన్ని బాగుచేసి పొయ్యి వెలిగించారు. 88 ఏళ్ళ తర్వాత ముసలి ఇంజను మళ్ళీ కూత పెట్టింది! ఢిల్లీ నుంచి రాజస్థాన్‌లోని ఆల్వార్ దాకా 143 కిలోమీటర్లు యాత్రికులను తీసుకుపోయింది. క్రమంగా నడిచే ఆవిరి ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనని 1998లో గిన్నిస్ పుస్తకంలో రాశారు.

2011లో దాని ముఖ్యమైన భాగాలు చాలా దొంగలు ఎత్తుకుపోయారు. ఇంజను నిలిచిపోయింది. ఆ భాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు. చెన్నైలోని పెరంబూరు కర్మాగారంలో కొత్తగా తయారుచేశారు. 2012 డిసెంబరు 22న 5 కిలోమీటర్లు నడిపి చూశారు. 2017 ఫిబ్రవరిలో మళ్ళీ యాత్రికులను ఎక్కించుకుంది. అయితే ఈసారి ఆల్వార్ పోలేదు. హర్యానాలోని రేవారీ దాకానే పోయింది.

అరుగు మీద ఇంజను

డార్జిలింగ్, నీలగిరి కొండల మీద ఆవిరి రైళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. చాలా ఇంజన్లు మాత్రం స్టేషన్ల ముందు, మ్యూజియాలలో నిలబడి ఉన్నాయి. నల్లరంగు నిగనిగలాడుతుంది. పిల్లలు ఎక్కి ఫోటో దిగుతారు. పొయ్యిలో నిప్పు ఉండదు.

వాటిని ఎందుకు నడపరు? పాత బాయిలరు ప్రమాదం. పరీక్ష చేసి, మరమ్మతు చేసి, గట్టిగా ఉందని తేలితేనే వెలిగించాలి. దానికి డబ్బు కావాలి. దారిలో నీళ్ళు పట్టే ఏర్పాటు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, పని తెలిసిన మనిషి కావాలి. మంట రంగు చూసి, చప్పుడు విని తప్పు కనిపెట్టే మనిషి. ఆ పని పక్కన నిలబడి నేర్చుకోవాలి. నేర్పేవాళ్ళు రిటైరయ్యారు. చాలామంది కాలం చేశారు.

"పోతే పోనీలే అమ్మా" అనే పెద్దలూ ఉన్నారు. వాళ్ళ మాటలో నిజం ఉంది. ఆ పొయ్యి ముందు ఒళ్ళు కాలేది. మసి ఊపిరిలోకి పోయేది. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో నలుసు పడేది. తెల్లచీర నల్లగా అయ్యేది. అయినా ఆ కూత తలుచుకుంటే వాళ్ళకే మనసు కదులుతుంది. పుట్టింటికి పోయిన రోజు, కొడుకు మొదటి జీతం తెచ్చిన రోజు ఆ కూతతో పాటే గుర్తుకొస్తాయి. ఆ కష్టం తిరిగి రావాలని ఎవరూ కోరరు. కాని ఆ పనితనం, ఆ జ్ఞాపకం ఊరికే పోకూడదు కదా!

ఇనుమును అరుగు మీద దాచవచ్చు. పనితనం మనుషులలో ఉంటుంది. మనిషి పోతే అదీ పోతుంది. షెడ్లలో పనిచేసిన వాళ్ళలో చాలామందికి తమ పని గురించి రాసిపెట్టే వీలు లేకపోయింది. ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. అడిగి తెలుసుకోండి. నాలుగు మాటలు రాసిపెట్టండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. గిన్నె మీద మూత ఎందుకు ఎగురుతుంది?

2. భాగాలు పోయిన తర్వాత ఫెయిరీ క్వీన్‌ను నడపడం ఎందుకు కష్టమయింది?

3. మీ ఊళ్ళో పొగబండి ఎక్కినవాళ్ళు, రైల్వేలో పనిచేసినవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళను అడిగి ఐదు వాక్యాలు రాయండి.

4. మీ చేతికి తెలిసిన పని ఒకటి చెప్పండి. అది మీకు ఎవరు నేర్పారు? మీరు ఎవరికి నేర్పారు?