పాత పేపరు నుంచి గుడ్ల ట్రే దాకా

చిత్తూరు కోళ్లఫారాల గుడ్లు తిరుపతి అంగళ్లకు చేరేది 30 గుంటల అట్ట ట్రేల్లో. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ప్రకటించే రోజువారీ ధరల్లో చిత్తూరుకు సొంత వరుసే ఉంది. ఆ గుడ్లను మోసే ట్రే సంగతి మాత్రం పోటీ పరీక్షల అభ్యర్థులు పెద్దగా చదవరు. ఆ ట్రే తయారయ్యే పదార్థాన్ని మోల్డెడ్ ఫైబర్ అంటారు.

పాత న్యూస్‌పేపర్లు, అట్టపెట్టెలను హైడ్రాపల్పర్‌లో నీళ్లతో చిలికి గుజ్జు చేస్తారు. పిన్నులు, ప్లాస్టిక్ ముక్కలు జల్లెడలో ఆగిపోతాయి. పలచన చేసిన గుజ్జులో 95 శాతానికి పైగా నీరే. సన్నని వల బిగించిన అచ్చు అందులో మునగగానే వాక్యూమ్ నీటిని లాగేస్తుంది; పీచు పొరలా వలకు అంటుకుంటుంది. ఎదురు అచ్చు ఆ పొరను అందుకుని, గాలి ఒత్తిడితో వదులుతుంది. ఆపై డ్రైయర్‌లోనో ఎండలోనో ఆరబెట్టడమే. రాయలసీమలో ఎండకేం కొదవ!

మరి జిగురు? అక్కర్లేదు. తడి ఆరేకొద్దీ సెల్యులోజ్ పీచుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. గుర్తుంచుకోవాల్సింది ఇదే. తేమను తట్టుకోవడానికి రోజిన్, పటిక కలపడం మామూలే.

కాగితపు గుడ్లపెట్టెను 1911లో రూపొందించింది కెనడాకు చెందిన జోసెఫ్ కోయిల్.

పరీక్షలో తికమకపెట్టే అంశం ఒకటి: 2022 జులై 1 నుంచి దేశంలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో ప్లేట్లు, కప్పులు, చెంచాలు ఉన్నాయి, గుడ్ల ట్రేలు లేవు.