చీరలో చిటపట, ఆకాశంలో పిడుగు

తలకు నూనె రాయని రోజున ఒక చిన్న పని చేసి చూడండి. ప్లాస్టిక్ దువ్వెనతో ఆరిన జుట్టును ఇరవై సార్లు గబగబా దువ్వండి. వెంటనే ఆ దువ్వెనను చిన్న చిన్న కాగితం ముక్కల దగ్గరికి తీసుకురండి. ముక్కలు ఎగిరి దువ్వెనకు అంటుకుంటాయి. గాలిలో తేమ ఉంటే ఇది సరిగా జరగదు. కొల్లేటి ఊళ్ళలో వానాకాలంలో అయితే దాదాపు కుదరదు. పొడిగాలి వీచే రోజు చూసి చెయ్యండి.

దువ్వెనకు జిగురు లేదు. మరి కాగితం ఎలా ఎగిరింది? దువ్వెన దాన్ని లాగింది. ముట్టుకోకుండానే లాగింది.

ఇలా ముట్టుకోకుండా లాగే బలాలు మన చుట్టూ ఉన్నాయి. అన్నిటికన్నా బాగా తెలిసినది భూమి లాగుడు. చేతిలోని చెంబు జారితే కిందికే పడుతుంది. పండిన మామిడికాయ కిందికే రాలుతుంది. భూమి అన్నిటినీ తనవైపు లాక్కుంటుంది. దీన్నే భూమ్యాకర్షణ అంటారు.

కొల్లేరు నిండేది కూడా దీనివల్లే. కృష్ణా డెల్టాకు, గోదావరి డెల్టాకు మధ్య ఉన్న పల్లం కొల్లేరు. మెరకలో కురిసిన వాన బుడమేరు, తమ్మిలేరుల వెంట ఆ పల్లానికి దిగుతుంది. అక్కడి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఉప్పుటేరుకు వాలు చాలా తక్కువ. అందుకే నీరు నెమ్మదిగా కదులుతుంది. వరద వచ్చిందంటే లంక ఊళ్ళ చుట్టూ రోజుల తరబడి నిలిచిపోతుంది.

రెండో లాగుడు అయస్కాంతానిది. పాడైపోయిన రేడియో స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. పిల్లలు దాన్ని ఊడదీసి ఆడుకుంటారు. అది ఇనుమును లాగుతుంది. బంగారాన్ని, ఇత్తడిని లాగదు. బట్టలు కుట్టే ఆడవాళ్ళు కింద పడ్డ సూదుల్ని దానితో ఏరుకోవచ్చు. రైసు మిల్లుల్లో ధాన్యం జారే దారిలో అయస్కాంతం పెడతారు. మేకులు, ఇనప ముక్కలు దానికి అంటుకుపోతాయి. బియ్యంలోకి రావు, మిషను పాడవదు. భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతం లాంటిదే. అందుకే దిక్సూచి ముల్లు ఉత్తర, దక్షిణాలు చూపిస్తుంది.

ఇక దువ్వెన సంగతి. ప్రతి వస్తువులోనూ రెండు రకాల విద్యుత్తు సమానంగా కలిసి ఉంటుంది. ఒకటి ధన విద్యుత్తు, రెండోది రుణ విద్యుత్తు. సమానంగా ఉన్నంతసేపూ మనకు ఏమీ తెలియదు. దువ్వినప్పుడు జుట్టులోని రుణ విద్యుత్తు కొంత దువ్వెన మీదికి చేరుతుంది. అది తీగలో కరెంటులా పారదు. అక్కడే నిలిచి ఉంటుంది. అందుకే దాన్ని స్థిర విద్యుత్తు అంటారు. కాగితం ముక్కను లాగింది అదే. ఇంత పెద్ద భూమి కిందికి లాగుతున్నా, చిన్న దువ్వెనే గెలిచింది!

నైలాను చీర విప్పేటప్పుడు చిటపటమని చప్పుడు వస్తుంది. చీకటిగదిలో అయితే చిన్న మెరుపులు కూడా కనిపిస్తాయి. ఒంటికీ చీరకూ రాపిడి జరిగి విద్యుత్తు పోగుపడింది. ఎక్కువైనది గాలిలోంచి దూకింది. ఆ దూకుడే మెరుపు, ఆ చప్పుడే చిటపట. దానికి భయపడక్కరలేదు.

ఆకాశంలో జరిగేదీ ఇదే. కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది. పెద్ద మబ్బుల్లో మంచు నలుసులు, వడగళ్ళు కిందికీ పైకీ తిరుగుతూ ఒకదానికొకటి రాసుకుంటాయి. మబ్బు అడుగున రుణ విద్యుత్తు పోగవుతుంది. దాని కింద నేల మీద ధన విద్యుత్తు చేరుతుంది. ఇక ఆగలేనప్పుడు మబ్బుకూ నేలకూ మధ్య దూకుతుంది. అదే పిడుగు. దాని దారిలో గాలి సూర్యుడి పైభాగం కంటే ఎక్కువగా వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి ఒక్కసారిగా ఉబ్బి పేలుతుంది. అదే ఉరుము.

మబ్బులో ఉన్నది విద్యుత్తేనని 1752లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటం ఎగరేసి చూపించాడు. మరుసటి ఏడాది రష్యాలో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త అలాంటి పరీక్ష చేస్తూ పిడుగుపాటుకు చనిపోయాడు. పొగగొట్టాల మీద, సెల్ టవర్ల మీద మొన తేలిన కడ్డీ ఉంటుంది. అది ఫ్రాంక్లిన్ ఆలోచనే. పిడుగు ఆ కడ్డీ మీద పడి తీగ వెంట నేలలోకి దిగిపోతుంది.

పొలంలో అలాంటి కడ్డీ ఉండదు. ఎత్తుగా ఏది ఉంటే పిడుగు ఎక్కువగా దాన్నే వెతుక్కుంటుంది. గట్టు మీద తాడిచెట్టు ఎత్తు. చెట్టు లేని చేలో మనిషే ఎత్తు. కొల్లేట్లో దోనె మీద నిలబడి గెడ వేసేవాడు ఎత్తు. కొడవలి చేతిలో ఉందని పిడుగు పడదు. పైకెత్తిన గెడ, గొడుగు మాత్రం మనిషి ఎత్తును పెంచుతాయి.

మన దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లోనే 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల నిర్వహణ అధికారులు లెక్కగట్టారు. ఏప్రిల్ అంటే ఏలూరు, తాడేపల్లిగూడెం పక్కల దాళ్వా కోతల కాలం. ధాన్యం కళ్ళాల్లో, రోడ్ల పక్కన రాశులుగా ఉంటుంది. మధ్యాహ్నం మబ్బు కమ్మగానే అందరూ బరకాలు కప్పడానికి పరుగెత్తుతారు. సరిగ్గా ఆ వేళే పిడుగు పడేది. సార్వా నాట్లప్పుడూ అంతే. ఎకరం గుత్తకు మాట్లాడుకుంటారు. పని ఆపితే కూలి ఆగుతుంది.

"ఇంకో నాలుగు మునాలే గదా ఒదినా, నాటేసి పోదాం" అంటుంది ఒకామె.

"ఉరుము వినపడుతోందే పిల్లా! మిగిలింది రేపు నాటుదాం, పద" అనే ఒదిన ప్రతి ముఠాలోనూ ఒకరుండాలి. రైతు కోప్పడినా సరే.

మెరుపు మెరిసిన దగ్గర్నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. 30 లోపు ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. వెంటనే డాబా ఇంట్లోకో, బస్సులోకో చేరాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. పెద్దలు ఉరుముకు అర్జునుడి పేర్లు తలుచుకుంటారు. తలుచుకోండి, కాని డాబా కేసి నడుస్తూ తలుచుకోండి.

చెట్టు కిందికి పోవద్దు. చెట్టు మీద పడిన పిడుగు నేల వెంట పాకుతుంది. ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది. పశువు కాళ్ళు దూరదూరంగా ఉంటాయి. అందుకే ఒకే చెట్టు కింద నాలుగైదు పశువులు ఒక్కసారే చచ్చిపోతాయి. బోరు మోటారు, కరెంటు స్తంభం, ఇనప కంచె ముట్టుకోవద్దు. ఏ ఇల్లూ దగ్గరలో లేకపోతే నీళ్ళలోంచి బయటికి రండి. ఒకరికొకరు దూరంగా జరగండి. పాదాలు దగ్గర పెట్టి, తల వంచి గొంతుక్కూర్చోండి. పడుకోవద్దు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందని కొందరు దగ్గరికి రారు. అది అబద్ధం. ఆ ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. 108కి ఫోను చెయ్యండి. ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కుతూ ఉండాలి. ఇలా బతికినవాళ్ళు ఉన్నారు.

పిడుగులు పడే సూచన ఉంటే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశం పంపుతుంది. సందేశం వస్తే చదవండి. పక్క చేలోవాళ్ళకు కూడా చదివి చెప్పండి.

మాట్లాడుకోండి:
మీరు పనిచేసే చేనుకు దగ్గరలో ఉన్న డాబా ఇల్లు ఎవరిది? అక్కడికి నడిచి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది?