సముద్రం దాటి ఎం.ఎస్సీ. - కొన్ని లెక్కలు

ఫిజిక్సు విద్యార్థులు నలుగురు ఒకచోట కూర్చుంటే "డిగ్రీ అయ్యాక ఏ దేశం?" అన్న మాట రాకుండా ఉండదు. ఒకరు అమెరికా అంటారు. ఒకరు జర్మనీ అంటారు. "జర్మనీలో ఫీజే లేదట" అని ఇంకొకరు అందుకుంటారు. ఈ "లేదట", "ఉందట" అనే మాటల మీద బతుకు కట్టుకోలేం గనక, ఏడాదిగా నేను పోగుచేసుకున్న సంగతులను మిత్రుల ముందు పెడుతున్నాను. నేను మూడెకరాల సేద్యం మీద బతికే ఇంటినుంచి వచ్చినవాణ్ణి. మా ఇంట్లో ఏ పెద్ద ఖర్చయినా చివరికి పొలం గట్టు దగ్గరికే వచ్చి నిలబడుతుంది. అందుచేత ఈ వ్యాసంలో చదువు లెక్కా, డబ్బు లెక్కా కలిసే నడుస్తాయి.

ముందుగా అమెరికా సంగతి. అక్కడ ఫిజిక్సు చదవదలచినవారు చాలావరకు బి.ఎస్సీ. కాగానే నేరుగా పిహెచ్.డి.లో చేరతారు. ప్రవేశం దొరికితే ఫీజు మాఫీ చేసి, చిన్న తరగతులకు పాఠం చెప్పినందుకు భృతి ఇస్తారు. విడిగా ఎం.ఎస్. చేయాలంటే మాత్రం సాధారణంగా సొంత డబ్బే పెట్టుకోవాలి. పైగా మూడేళ్ల డిగ్రీని చాలా విశ్వవిద్యాలయాలు చాలదంటాయి. అందువల్ల ఫిజిక్సులో మాస్టర్స్ కోసం మనవాళ్ల చూపు జర్మనీ వైపు తిరగడం సహజమే. ఇకపై జర్మనీ గురించే మాట్లాడుకుందాం.

మన డిగ్రీ చాలుతుందా?

అక్కడి బి.ఎస్సీ. కూడా మామూలుగా మూడేళ్లే. అంచేత మూడేళ్ల డిగ్రీ అనగానే తలుపు మూసెయ్యరు. చిక్కు ఏళ్లలో లేదు, ఆ ఏళ్లలో ఏం చదివామన్న దానిలో ఉంది. వాళ్లు మూడేళ్లూ ఫిజిక్సు, దానికి కావలసిన గణితమే చదువుతారు. ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే సుమారు 30 గంటల పని. అంటే ఏడాదికి 1,800 గంటలు. నాబోటి మూడు సబ్జెక్టుల వాళ్లం ఫిజిక్సుతో సమానంగా మాథ్సుకూ కెమిస్ట్రీకీ కాలం పంచుతాం. మాథ్సు ఎలాగూ అక్కరకొస్తుంది, కెమిస్ట్రీని మాత్రం వాళ్లు ఫిజిక్సు కింద లెక్కగట్టరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతి వచ్చింది. అలా చదివేవారికి ఈ ఇబ్బంది కొంత తగ్గవచ్చు.

ప్రవేశ సంఘంలోని ప్రొఫెసర్లు మన సిలబస్‌ను పేపరు పేపరుగా చూస్తారు. ముఖ్యంగా నాలుగు స్తంభాలు వెతుకుతారు: క్లాసికల్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, క్వాంటం మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్. లగ్రాంజియన్, హామిల్టోనియన్ పద్ధతులు వచ్చా? హైడ్రోజన్ పరమాణువుకు శ్రోడింగర్ సమీకరణాన్ని మొదటినుంచి చివరిదాకా సాధించారా, లేక ఫలితం మాత్రమే రాసుకున్నారా? మాక్స్‌వెల్ సమీకరణాలతో లెక్కలు చేశారా, లేక నిర్వచనాల దగ్గరే ఆగారా? కొన్నిచోట్ల లోటు చిన్నదైతే, ఫలానా బి.ఎస్సీ. పేపర్లు అక్కడే పూర్తిచేయాలన్న షరతు మీద సీటిస్తారు. లోటు పెద్దదైతే సీటే రాదు.

మరి మార్కులు? అక్కడ 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే గట్టెక్కడం. మన మార్కులను మార్చడానికి ఒక సూత్రముంది. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసివెయ్యండి. దాన్ని, గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించండి. మూడుతో గుణించి ఒకటి కలపండి. పది పాయింట్ల పద్ధతిలో పాస్ 4 అనుకుంటే, 8 వచ్చినవాడికి 2.0 వస్తుంది. 7 వచ్చినవాడికి 2.5. కొన్ని విభాగాలు 2.5 దగ్గరే గీత గీస్తాయి. కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే జాగ్రత్త అవసరం.

లోటు పూడ్చుకునే దారి ఉంది. మన లైబ్రరీలో గోల్డ్‌స్టీన్, గ్రిఫిత్స్, పాత్రియా రాసిన పుస్తకాలు ఉంటే అవి బీరువాలో అందంగా ఉండడానికి కాదు. ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు ఉచితంగానే వినవచ్చు. ఆ సర్టిఫికెట్లను వాళ్లు లెక్కలోకి తీసుకున్నా తీసుకోకపోయినా, ఆ విద్య లేకుండా అక్కడి తరగతిలో మొదటి నెల దాటడం కష్టం.

డబ్బు లెక్క

చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. కాని అన్నిచోట్లా కాదు. హైడెల్‌బర్గ్, ఫ్రైబుర్గ్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు పెట్టారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు నిర్ణయించింది. ఫీజు లేని చోట్ల కూడా సెమిస్టర్ చందా అని కొన్ని వందల యూరోలు కట్టాలి.

అసలు బరువు వేరే ఉంది. వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు వేసి చూపాలి. 2024 సెప్టెంబర్‌లో నిర్ణయించిన మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే సుమారు 12 లక్షలు. ఇది ఫీజు కాదు. గాదెలో పోసి నెలనెలా కొలిచి ఇచ్చినట్టు, మన డబ్బే నెలకు 992 యూరోల చొప్పున మన చేతికొస్తుంది. అందులోనే గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా. రెండో ఏడాదికి మళ్లీ ఆధారం చూపాలి. ఇంతేకాక 2022 నవంబర్ నుంచి మన సర్టిఫికెట్లను ఏ.పి.ఎస్. అనే సంస్థ చేత పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి అయింది. దానికి 18,000 రూపాయలు.

"అక్కడ పనిచేసి సంపాదించుకోవచ్చు కదా" అంటారు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయనిస్తున్నారు. కాని వీసా నాటికి పెట్టుబడి ముందే ఉండాలి. పైరు వచ్చాక విత్తనాలు కొంటామంటే ఎలా కుదరదో ఇదీ అంతే. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే బి.సి. ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలున్నాయి. అర్హత ఉన్నవాళ్లు అప్పు మాట ఎత్తే ముందు వాటి నిబంధనలు చదవడం మంచిది.

అక్కడి చదువు తీరు

మాస్టర్స్ మొత్తం 120 క్రెడిట్లు, రెండేళ్లు. బాన్, హాంబుర్గ్ వంటి చోట్ల ఇంగ్లీషులోనే చదవవచ్చు. కాని బజారుకూ ఆఫీసులకూ జర్మన్ రావాలి. పాఠంతో పాటు వారం వారం లెక్కల కాగితం ఒకటి ఇస్తారు. దాన్ని "యూబుంగ్" అంటారు. అందులో సాధారణంగా సగం మార్కులైనా వస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. కొన్ని పరీక్షలు నోటితోనే. ప్రొఫెసర్ ఎదుట కూర్చుని అరగంటపాటు "ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. గైడు చూసి బట్టీపట్టినవారికి ఇది పెద్ద గండం. తప్పనిసరి పేపర్లో అనుమతించిన ప్రయత్నాలన్నీ తప్పితే ఆ కోర్సునే వదులుకోవలసి వస్తుంది. మనకున్నట్టు ఎన్నేళ్లయినా సప్లిమెంటరీ రాసుకోవచ్చుననే ధీమా ఉండదు.

అసలు విలువ రెండో ఏడాదిలో ఉంది. దాదాపు ఆ ఏడాదంతా పరిశోధనకే కేటాయిస్తారు. విద్యార్థి ఒక బృందంలో చేరి, పనిముట్లు నేర్చుకుని, సొంతంగా థీసిస్ రాయాలి. హాంబుర్గ్‌లో చదివేవాడికి డెజీ పరిశోధనాగారం, అక్కడినుంచి మొదలయ్యే 3.4 కిలోమీటర్ల ఎక్స్-రే లేజర్ దగ్గరలో ఉంటాయి. డార్మ్‌స్టాట్‌లో చదివేవాడికి, 1994లో 110వ మూలకాన్ని కనుగొన్న జి.ఎస్.ఐ. ఉంది. పెన్సిల్ పట్టిన చేతికే స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వడం ఆ చదువులోని గొప్పతనం.

ఎప్పుడు వెళ్లాలి?

నా ఉద్దేశంలో "ఏ దేశం?" అనే ప్రశ్నకంటే "ఎప్పుడు?" అనే ప్రశ్న పెద్దది. జర్మనీలో మాస్టర్స్ మనం ఖర్చుపెట్టి చదివే చదువు. అక్కడ పిహెచ్.డి. మాత్రం ఎక్కువగా జీతమిచ్చే ఉద్యోగం లాంటిది. పరిశోధకుణ్ణి ఒప్పందం మీద తీసుకుని, సగం గాని అంతకు మించి గాని ఉద్యోగపు జీతం ఇస్తారు. కాబట్టి ఇక్కడే మన విశ్వవిద్యాలయంలోనో, 'జామ్' పరీక్ష రాసి ఐ.ఐ.టి.లోనో ఎం.ఎస్సీ. ముగించి, పిహెచ్.డి.కి వెళ్లేవాడు పొలం పాసుపుస్తకం బ్యాంకులో పెట్టకుండానే సముద్రం దాటగలడు. నాలుగు స్తంభాలూ గట్టిగా ఉండి, ఇంటి మీద భారం పడని ఏర్పాటు ఉన్నవాళ్లు మాస్టర్స్‌కే వెళ్లవచ్చు. రెండిట్లో ఏది లేకున్నా రెండేళ్లు ఆగడం ఓటమి కాదు.

నేను ఫిబ్రవరిలో 'జామ్' రాస్తాను. సిలబస్ లోటు పూడ్చుకుంటూ అక్కడికీ దరఖాస్తు పెడతాను. "అరెకరం తాకట్టు పెడదాంలేరా" అని నాన్న అంటున్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత తర్జనభర్జన పడ్డాడో నాకు తెలుసు. విద్యానిధి వస్తే వెళతాను, రాకపోతే ఇక్కడే చదువుతాను. పొలం మీద కాగితం మాత్రం రాయించను.

భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేసి, తిరిగివచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. అక్కడి ప్రయోగశాలలు నేటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. వెళ్లడం గొప్ప కాదు, ఏం నేర్చుకుని వచ్చామన్నది గొప్ప. ఆ నేర్చుకోవడం విమానం ఎక్కాక మొదలుపెట్టేది కాదు. రేపు ఉదయం మన లైబ్రరీ తలుపు తీసేసరికి నలుగురం అక్కడ ఉంటే చాలు. ముందుగా హైడ్రోజన్ పరమాణువుతో మొదలుపెడదాం, రండి.