పసిబిడ్డ చెవి: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయములు

'చెవిటివాని ముందు శంఖమూదినట్లు' అను సామెతను మనము వ్యర్థప్రయత్నమును గూర్చి వాడుచుందుము. ఆ సామెత పుట్టిననాటి నిరాశకు నేడు కారణము లేదు. పుట్టిన కొలదిదినములకే శిశువు వినగలదో లేదో పరీక్షించు పద్ధతులు కలవు. అట్టి పరీక్షను సామాన్యమైన స్మార్ట్‌ఫోను సాయమున స్వల్పవ్యయముతో జరుపవచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించినారు. తెలుగు బడికి పిల్లలను పంపు తల్లిదండ్రులకు ఈ విషయము మిక్కిలి అవసరమైనది.

ఏలయన, భాష ముందుగా చెవి ద్వారముననే ప్రవేశించును. మరాఠీ సీమయైన మన కోర్పనాలో బిడ్డకు తెలుగు తొలుత లభించునది పుస్తకములయందు గాదు, వీధి ఫలకములమీద గాదు, తల్లి మాటలయందు. బడిలో అక్షరములు దిద్దుటకు ఎంతో ముందుగనే ఆ మాటలు వేలసారులు చెవిని పడియుండవలెను. వినికిడి లేని బిడ్డకు వేఱు సాయము సకాలమున అందనిచో ఈ పునాది పడదు.

లోపము కంటికి కనబడదు

పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఒకరు మొదలు ముగ్గురి వఱకు శాశ్వతమైన వినికిడి లోపము కలవారుందురని అంచనా. అట్టి బిడ్డయు నవ్వును, ఏడ్చును, తల్లి ముఖమును గుర్తించును. అందుచేత ఎవరికిని అనుమానము కలుగదు. రెండేండ్లు నిండినను మాటలు రానప్పుడు, “వాని తండ్రికిని ఆలస్యముగనే వచ్చినవి” అని పెద్దలు ఊరడింతురు. ఇంతలో అమూల్యమైన కాలము గడచిపోవును.

వైద్యులు చెప్పు నియమము సులభమైనది. 1 నెలలోపల పరీక్ష, 3 నెలలలోపల లోప నిర్ధారణ, 6 నెలలలోపల తగిన సాయము జరుగవలెను. సాయమనగా వినికిడి యంత్రము, అవసరమైనచో కోక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స, మాటల శిక్షణ, సంజ్ఞా భాష.

చెవి యిచ్చు జవాబు

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారముగల కోక్లియా అను భాగము కలదు. అందలి రోమకణములు ఆరోగ్యముగా నున్నచో, ధ్వనిని గ్రహించునప్పుడు తామును అతిసూక్ష్మమైన ధ్వనిని వెలువరించును. ఈ సంగతిని డేవిడ్ కెంప్ అను శాస్త్రజ్ఞుడు 1978లో లండనునందు వెల్లడించెను. చెవిలో చిన్న గొట్టమునుంచి రెండు స్వరములను పంపినచో, ఆరోగ్యమైన చెవి మూడవ స్వరమును తిరిగి పంపును. దానిని మైక్రోఫోను పట్టుకొనును. బిడ్డ నిద్రించుచుండగనే, నొప్పి లేకుండ, కొలది నిమిషములలో పరీక్ష ముగియును.

దీనికి వాడు యంత్రముల వెల వేలకొలది డాలర్లు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున జస్టిన్ చాన్, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన శ్యామ్ గొల్లకోట మొదలగువారు సుమారు 10 డాలర్ల సామగ్రితో ఒక సాధనమును నిర్మించి, 2022లో తమ ఫలితములను ప్రకటించిరి. ఇందు సామాన్యమైన ఇయర్‌ఫోనులు స్వరములను పంపును. స్మార్ట్‌ఫోను చెవి యిచ్చిన జవాబును లెక్కించును. మూడు వైద్యస్థలములలో పిల్లల చెవులు 201 పరీక్షింపగా, లోపమున్న చెవి ఒక్కటియు తప్పిపోలేదు. లోపము లేని చెవులలో మాత్రము నూటికి సుమారు 11 అనుమానాస్పదముగా తోచినవి. ఖరీదైన యంత్రమును ఇంచుమించు ఇట్లే పనిచేసినది.

మన దేశమునను ఇట్టి కృషి జరిగినది. కేంద్రప్రభుత్వ జీవసాంకేతిక విభాగపు ప్రోత్సాహముతో రూపొందిన 'సోహం' అను పరికరమును నాటి కేంద్ర సహాయమంత్రి వై.ఎస్. చౌదరి 2017లో విడుదల చేసిరి. ఇది శిశువు తలపై మూడు ఎలక్ట్రోడులనుంచి, ధ్వనికి మెదడు చూపు స్పందనను కొలుచును. చెవి బాగుండి నరమునందు లోపమున్నను ఇట్టి పరీక్షలో తెలియును. మొదటి విధానమున అది తెలియదు.

గమనింపవలసినవి

ఫోనులో ఏదో ఒక అప్లికేషను వేసికొన్నంతనే పరీక్ష జరిగినట్లు గాదు. చెవిలో నుంచు తగిన సాధనము, నిశ్శబ్దమైన గది, శిక్షణగల మనిషి కావలెను. చప్పట్లు చఱచుట, గిన్నె మ్రోగించుట పరీక్షలు గావు. బిడ్డ చేతి కదలికను చూచియో, గాలి తాకియో తిరుగవచ్చును.

తొలి పరీక్షలో 'అనుమానము' అని వచ్చినచో భయపడరాదు. పుట్టిన తొలిదినములలో చెవిలో తేమ యుండుటచే అట్లు రావచ్చును. కాని రెండవ పరీక్షను ఎన్నడును మానరాదు. తొలి పరీక్ష బాగున్నను తరువాత లోపము కలుగవచ్చును. ఆఱు నెలలకు శబ్దమువైపు తిరుగనిచో, ఏడాదికి ఒక్క మాటయైన రానిచో వైద్యుని కడకు పోవలెను.

నెలలు నిండక పుట్టినవారు, తీవ్రమైన కామెర్లు వచ్చినవారు, మెదడువాపు సోకినవారు, వంశమున వినికిడి లోపము కలవారు తప్పక పరీక్ష చేయించుకొనవలెను. మనలో మేనరికములు హెచ్చు. దగ్గరి రక్తసంబంధముగల దంపతుల బిడ్డలకు వంశానుగత లోపము వచ్చు అవకాశము అధికము. ఇది నిందకొఱకు చెప్పిన మాట గాదు, జాగ్రత్తకొఱకు.

మన కర్తవ్యము

2013లో మహారాష్ట్రమందలి పాల్‌ఘర్‌లో ప్రారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున పుట్టుకతో వచ్చు వినికిడి లోపమును చేర్చియున్నారు. దీనిని గూర్చి గ్రామమందలి ఆశా కార్యకర్తను గాని, ప్రభుత్వ వైద్యశాలను గాని అడుగవచ్చును. వినికిడి లోపములకై ముంబయిలో 1983లో ఏర్పడిన జాతీయ సంస్థకు హైదరాబాదువాడైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టినారు. ఆయన ఈ మహారాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. ఆ సంస్థకు సికింద్రాబాదునందు శాఖ కలదు.

మన ఆడపడుచులు పలువురు ప్రసవమునకు పుట్టినింటికి ఆదిలాబాదు వైపు పోయి, బిడ్డతో ఇచ్చటికి మరలివత్తురు. అచ్చట జరిగిన పరీక్ష ఇచ్చటివారికి తెలియదు. రెండవ పరీక్ష ఎవరికిని పట్టక పోవును. కావున ప్రసవము గడ్‌చాందూరునందైనను, చంద్రపురమందైనను, ఆదిలాబాదునందైనను, వైద్యశాల విడుచుటకు ముందే “మా బిడ్డ చెవులను పరీక్షించితిరా?” అని అడుగుడు. ఫలితమును కాగితముమీద వ్రాయించుకొని, టీకాల కార్డుతోపాటు భద్రపఱచుడు. పరీక్ష జరుగనిచో, ఎచ్చట జరుగునో తెలిసికొని నెల నిండకముందే పొండు.

ఇంట ఇపుడు పసిబిడ్డ లేనివారు ఈ మాటను ఇరుగుపొరుగు బాలింతలకు చెప్పవలెను. రేపు మన బడికి రాబోవు బిడ్డలు వారే.